వాపస్ వచ్చిన సంచి

మేడ్చల్ దాటాక కొత్త కాలనీ. 2013 మే నెల, శుక్రవారం పొద్దున పది గంటలు. నాగమణి టీచరు ఇంటి వరండా. గట్టు మీద జిప్పు వేసిన ఆకుపచ్చ సంచి. మెట్ల దగ్గర, పక్క బస్తీ నుంచి వచ్చిన షహజాది బేగం.

"ఎన్నిసార్లు చెప్పాను షహజాదీ నీకు? ఎన్నిసార్లు?"

"మస్తుసార్లు సెప్పినవ్ టీచరమ్మ."

"ఏమని చెప్పాను? గట్టిగా చెప్పు."

"గీ సంచి మా ఇంట్లనే ఉండాలె. అయితారం మీరు ఏర్‌పోర్టుకు పోయేటప్పుడు మా ఇంటికాడ కారు ఆపి, తీస్కొని గట్లనే పోతరు. గంతవరకు ఎవ్వలు కదపొద్దు."

"మరి ఇదేమిటి?"

"సంచి."

"సంచే. నా కళ్ళకీ సంచిలాగే కనిపిస్తోంది. నీ ఇంట్లో ఉండాల్సింది నా వరండాలోకి ఎలా వచ్చిందని అడుగుతున్నా. నేను స్నానం చేసి వచ్చేసరికి గట్టెక్కి కూర్చునుంది."

"బాబా మియా తెచ్చి పెట్టిండు. మేకలకు గడ్డి తెద్దామని బండి తీసిండు, ఎట్లన్న ఇటే పోతుండె గదా అని…"

"నీ మొగుడు తనంతట తను తెచ్చాడా, నువ్వు పంపితే తెచ్చాడా?"

"సారు ఇంట్ల ఉన్నడా అమ్మా?"

"ఉన్నారు. లోపల పేపరు చదువుతున్నారు. ఆయనతో నీకేం పని? నేనడిగినదానికి చెప్పు."

"నేనే పంపిన. గల్తీ అయింది."

"గల్తీ అనేస్తే సరిపోతుందా? నేను ఈ సంచి నీకెందుకిచ్చానో అర్థమయ్యే పంపావా? ఇంట్లో చోటు లేక ఇచ్చాననుకున్నావా?"

"సమజయింది. అయితారం పడమర పోవద్దు."

"ఆదివారం పడమటి దిక్కుకి వారశూల. మా విమానమేమో ఆదివారమే. పారిస్ ఎటుంది?"

"పడమర."

"అందుకని?"

"అందుకని బుధారం మంచి గడియ సూస్కొని మీ ఇద్దరి బట్టలు ఒక్కొక్కటి సంచిల పెట్టిన్రు. పడమటి దిక్కున మా ఇల్లుంది గాబట్టి మా ఇంట్ల పెట్టిన్రు. బట్ట గడప దాటితే మనిషి దాటినట్టే."

"దాన్నే ప్రస్థానం అంటారు. మరి ఆ బట్ట వెనక్కొస్తే?"

"మనిషి వాపస్ వచ్చినట్టు. ఇగ ఆ ప్రయాణం లేనట్టు."

"పాఠమంతా వచ్చు. పరీక్షలో మాత్రం సున్నా."

"సంచి ఇప్పి సూసినవా అమ్మా?"

"విప్పను. విప్పితే ఇంటికొచ్చి సామాను దించుకున్నట్టే. దీనికేమన్నా శాంతి ఉందేమోనని పంతులుగారికి గంట నుంచి ఫోన్ చేస్తున్నా, ఆయనేమో ఎత్తడం లేదు. ఆయన ఎత్తేదాకా దాని జిప్పు ముట్టుకోను."

"జర ఇప్పి సూడరాదు."

"ఏముందని చూడాలి? నేను పెట్టినవే కదా. నా నీలం చీర, ఆయన గళ్ళ చొక్కా, నేను గీసుకున్న మ్యాపు. రెండు రోజుల్లో కొత్తగా అందులో ఏం మొలుస్తాయి?"

"అట్ల గాదమ్మా…"

"నాలుగేళ్ళు షహజాదీ. నాలుగు వేసవి సెలవలు. మొదటేడు ఎక్కడో ఐస్‌లాండ్‌లో కొండ పేలి ఆకాశం నిండా బూడిద. విమానాలాగిపోయాయి. సరే, కొండకి నా మీద కక్ష ఏముంటుంది అనుకున్నా. రెండో ఏడు ఈయన ఫ్యాక్టరీలో తనిఖీ. మూడో ఏడు మళ్ళీ ఫ్యాక్టరీయే, బాయిలరు మారుస్తున్నారని. ఆ బాయిలరు నా సెలవల్లోనే మారాలి. జీడిమెట్లలో ఇన్ని ఫ్యాక్టరీలున్నాయి కదా, ఏ ఒక్కదాంట్లోనైనా మనిషి సెలవడిగితే ఇలాగే చేస్తారా?"

"నాకేం ఎరుకమ్మా."

"పందొమ్మిదేళ్ళు సుచిత్ర సెంటర్ దగ్గర బళ్ళో సోషల్ చెప్పాను. పందొమ్మిదేళ్ళూ బోర్డు మీద రైన్ నది గీశాను. స్విస్ కొండల్లో పుట్టి, జర్మనీ మీదుగా పారి, నెదర్లాండ్స్‌లో సముద్రంలో కలుస్తుంది. కళ్ళు మూసుకుని గీస్తా. ఒకసారి ఓ పిల్ల లేచి 'మీరు చూశారా మేడం' అంది. ఏమని చెప్పను? 'ఇది పరీక్షలో నాలుగు మార్కులు, రాసుకోండి' అన్నాను. ఆ పిల్లకిప్పుడు పెళ్ళయి ఇద్దరు పిల్లలు."

"ఈ ముచ్చట నువ్వు సెప్పినవ్. కాలనీ గోడకాడ."

"ఎన్నిసార్లు చెప్పినా నాకు మండుతూనే ఉంటుంది. ట్రావెల్స్ సుధీర్ ముందు ఆర్నెల్లు కూర్చుని దారి వేయించుకున్నాను. వాడు స్విట్జర్లాండ్ ఒక్కటీ చాలంటాడు, మేడం ఫొటోలు బాగొస్తాయంటాడు. నాకు నది కావాలంటే నవ్వుతాడు. మా ఆయనైతే నీళ్ళ కోసం అంతదూరం ఎందుకు, శామీర్‌పేట చెరువుంది కదా అన్నారు. ఎలాగోలా రైన్ ఉన్న దారి పట్టుకున్నాను. మొత్తం పన్నెండు రోజులు. నీకు దారి కూడా చెప్పాను, గుర్తుందా?"

"ఎందుకు యాదికుండదు? ముందుగాల పారిస్. ఆడికెళ్ళి బ్రస్సెల్స్. గటెన్క పువ్వుల ఊరు."

"ఆమ్‌స్టర్‌డామ్."

"ఆ. గటెన్క పెద్ద చర్చి ఉన్న ఊరు. గా దిక్కే పడవ ఎక్కుతవ్, నీ నది మీద. గటెన్క నల్ల అడివి, మంచు కొండలు, నీళ్ళల్ల ఊరు. ఆఖరుకు రోమ్. ఆడ ఇమానం ఎక్కి వస్తవ్."

"చూశావా? నా బళ్ళో పిల్లలకి కూడా ఇంత బాగా రాలేదు. అన్నీ తెలిసినదానివి నా గొంతెందుకు కోశావే?"

"సంచి ఇప్పి సూడమ్మా."

"మళ్ళీ అదే మాట. నా ఖర్మ. కాలనీలో ఇన్ని ఇళ్ళుంటే, పడమటి వైపు నాకు తెలిసింది నీ ఇల్లొక్కటే కావడం నా ఖర్మ. మా ఆచారమంటే మీవాళ్ళకి లెక్కుంటుందని ఎలా అనుకున్నానో. మావాళ్ళింట్లో పెట్టుంటే చచ్చినా కదిపేవాళ్ళు కాదు."

"గా మాట అనకు టీచరమ్మ."

"అంటాను. కడుపు మండిపోతోంది, అంటాను."

"అను. కానీ ఒక్కటి ఇను. మా తమ్ముడు జాహిద్ మస్కట్ పోయేనాడు మా అమ్మ ఆని దండ చెయ్యికి ఇమాం జామిన్ కట్టింది. పైస బిళ్ళను బట్టల సుట్టి కడతం. సల్లగ పోయి సల్లగ రావాలని. ఆడ దిగినంక ఇప్పి, ఆ పైస బీదోళ్ళకు ఇయ్యాలె. ఆడు దిగిన అని ఫోన్ జేసెదాక మా అమ్మ ముద్ద ముట్టలె. తొవ్వల ఉన్నోళ్ళ మీద పాణం పెట్టుడు మాకు రాదంటవా?"

"నేను అలా అనలేదు."

"అన్నవ్. పర్వాలేదు. రెండు దినాలు నీ సంచి ఉన్న అర్రల మేకపిల్లను సుత అడుగు పెట్టనియ్యలె. మా బిడ్డ నజ్‌నీన్ పిల్లలొస్తే ఆకిట్ల మంచమేసి పండవెట్టిన. ఆళ్ళు 'నానీ, మాకు పంకా లేదు' అని ఏడ్సిండ్రు."

"మరి అంత భద్రంగా చూసినదానివి ఎందుకు పంపావే?"

"అదే…"

"ఊఁ, చెప్పు."

"గల్తీ అయింది. గంతే."

"ఏమిటి నాగమణీ పొద్దున్నే? పేపరు చదువుకోనివ్వవా? రోడ్డు మీదకి వినిపిస్తోంది."

"రండి, మీరూ చూడండి. ఇదిగో మన పారిస్, గట్టు మీద."

"ఓ, తెచ్చేశారా?"

"తెచ్చేశారా అంటారేమిటి? మీకు తెలుసా తెస్తారని?"

"అంటే… తెచ్చేశారే, అంటున్నా. అయ్యో. సరేలే, జరిగిందేదో జరిగింది. పాపం ఆవిడకేం తెలుసు మన ప్రస్థానాలూ వారశూలలూ. ఏమ్మా షహజాదీ, పొరపాటున పంపేశావు కదూ?"

"అవు సారు. పొరపాటున."

"విన్నావుగా. నువ్వు ఇంటికెళ్ళమ్మా, మేం చూసుకుంటాం."

"ఆవిడెక్కడికీ వెళ్ళదు. నిలబడు షహజాదీ. ఏమండీ, పంతులుగారు ఫోనెత్తడం లేదు. మీరు బండి మీద మచ్చ బొల్లారం వెళ్ళి ఆయన్ని అడిగి రండి. ఏదైనా దారి చెప్తారేమో."

"ఏం దారి ఉంటుంది? ఒకసారి వెనక్కొచ్చాక వచ్చినట్టే. నువ్వే అన్నావు బుధవారంనాడు. సంచి తిరిగొస్తే ప్రయాణం లేనట్టేనని."

"మీరేమో బుధవారంనాడు పంచాంగం చూసి నవ్వారు. పారిస్‌లో పంచాంగం ఏ భాషలో ఉంటుందని అడిగారు."

"నాకు నమ్మకం లేదు, అది వేరు. నీకుంది కదా. మనసులో శంక పెట్టుకుని పన్నెండు రోజులు ఏం తిరుగుతావు? పడవెక్కితే మునుగుతుందేమో అనుకుంటావు. కొండెక్కితే కాలు జారుతుందేమో అనుకుంటావు. ఎందుకొచ్చిన బాధ? సుధీర్ మన రెండు సీట్లూ వచ్చే మే నెలకి మార్చేస్తాడు."

"మారుస్తాడా?"

"మారుస్తాడు."

"సోమవారం నేను ఫోన్ చేసి కిటికీ సీటు అడిగితే, మేడం ఇంక ఏదీ మారదు అన్నాడు. మీకెలా మారుస్తాడు?"

"అడిగే పద్ధతిలో అడిగితే మారుస్తాడు. ఒప్పుకున్నాడు."

"ఎప్పుడు ఒప్పుకున్నాడు?"

"అంటే, ఒప్పుకుంటాడు అంటున్నా."

"పందొమ్మిదేళ్ళు పిల్లల అబద్ధాలు విన్న చెవులండీ ఇవి. ఎప్పుడు అడిగారు?"

"నిన్న. ఊరికే, మాటవరసకి."

"సంచి ఇవాళొచ్చింది. మీరు నిన్ననే అడిగారు."

"ముందుచూపు మంచిదే కదా. నువ్వు ప్రతిదానికీ…"

"మా కొడుకు రిజ్వాన్‌కు అయితారం సుత డ్యూటీ ఏసిండ్రు."

"షహజాదీ, నువ్వూరుకో."

"మీరూరుకోండి. నువ్వు చెప్పు షహజాదీ. ఆదివారం మీవాడికి డ్యూటీ ఏమిటి?"

"వాడు సారు ఫ్యాక్టరీలనే గదా టీచరమ్మ. బుధారం రాత్రి ఇంటికొచ్చి సెప్పిండు. సోమారం బయటి దేశంకెళ్ళి తెల్లోళ్ళు సూస్తందుకు వస్తున్రంట. గోడలకు రంగులేస్తున్రంట, మిషిన్లు తుడుస్తున్రంట. ఒక్కలకు సుత సెలవు లేదంట."

"ఒక్కరికి కూడా."

"పెద్ద సార్లకు సుత లేదంట."

"ఏమండీ."

"నాగమణీ, నేను చెప్దామనే అనుకుంటున్నా."

"ఎప్పుడు? రోమ్‌లోనా?"

"బుధవారం సాయంత్రం తెలిసింది. ఉన్నట్టుండి వస్తున్నారు. క్వాలిటీ మొత్తం నా సంతకం మీద నడుస్తుంది. నేను లేకపోతే అక్కడ వాళ్ళడిగే కాగితం తీసిచ్చేవాడు లేడు. ఎండీగారు పిలిచి కూర్చోబెట్టి, వెంకటరామయ్యగారూ మీరే దిక్కు అంటే నేనేమనాలి?"

"మా ఆవిడతో ఊరికెళ్తున్నానండీ అనాలి. నాలుగు ముక్కలు. ఎక్కణ్ణుంచి వస్తున్నారు వాళ్ళు?"

"జర్మనీ నుంచి."

"బాగుంది. నేను చూద్దామనుకున్న దేశం వాళ్ళు మిమ్మల్ని చూడ్డానికి జీడిమెట్ల వస్తున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని, వాళ్ళు వీసా ఇచ్చారు, మీ ఎండీ సెలవివ్వడు. సరే. అది మీ ఉద్యోగం. మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏడుస్తావు. పోయిన రెండేళ్ళూ చూశాగా. నాలుగు రోజులు అన్నం మానేస్తావు, నాతో మాట్లాడవు."

"అందుకని?"

"అందుకని ఏముంది…"

"షహజాదీ, ఈ సంచి పంపమని నీకెవరు చెప్పారు?"

"నన్ను అడగకమ్మా."

"ఆయన మొహం చూడకు. ఇటు చూడు. ఎవరు చెప్పారు?"

"నీ కాళ్ళు మొక్కుత, నన్ను అడగకు. మా రిజ్వాన్ నౌకరీ సారు ఇప్పిచ్చిందే."

"ఛ. షహజాదీ, ఉద్యోగం మాట నేనెత్తానా నీ దగ్గర? ఎత్తానా?"

"ఎత్తలేదు సారు. నిన్న ఫోన్ జేసినప్పుడు, రిజ్వాన్ మంచిగ చేస్తున్నడా అని అడిగినవ్. గంతే. గటెన్క సంచి ముచ్చట సెప్పినవ్."

"నేను మంచికే అడిగాను."

"మంచికే సారు."

"అయితే మీరే."

"అవును, నేనే. ఇందులో ఇంత చేసిందేముంది? నేను వద్దంటే నన్ను తిడతావు, నాలుగేళ్ళూ లెక్క తీస్తావు. సంచే వెనక్కొచ్చిందంటే, దైవం వద్దందిలే అనుకుని సరిపెట్టుకుంటావు. ఎవరి మీదా కోపం ఉండదు. అలా అనుకున్నాను."

"దైవం మీద వేసుకోలేదండీ. షహజాదీ మీద వేశాను. అత్త మీది కోపం దుత్త మీద తీసినట్టు, పొద్దుట్నుంచి మనిషిని నిలబెట్టి కడిగేశాను. మీవాళ్ళు, మావాళ్ళు అని అనకూడని మాట కూడా అన్నాను. మీరు లోపల కూర్చుని పేపరు తిప్పుతూ విన్నారు."

"అంత దూరం వెళ్తుందనుకోలేదు."

"షహజాదీ, నా నోరు మంచిది కాదు. ఏమీ అనుకోకు. తప్పు నాది."

"ఊకో టీచరమ్మ. నువ్వు తిడితె నాకేం బొబ్బలెక్కయి. మా అత్త ఇంతకన్న మంచిగ తిడుతుండె."

"ఏమండీ, నేనొక్కదాన్నీ వెళ్తాను."

"ఏమిటి?"

"మీరు మీ తెల్లవాళ్ళకి కాగితాలు చూపించుకోండి. నా వీసా నాకుంది. బస్సులో ఇంకా ముప్ఫై మంది ఉంటారు, సుధీర్ మనిషి ఉంటాడు. నేనొక్కదాన్నీ వెళ్తాను."

"ఒక్కదానివి ఎలా వెళ్తావు? సికింద్రాబాద్ వెళ్ళాలంటేనే నన్ను రమ్మంటావు."

"మీరు రాక, వెళ్ళడం మానేసి అలవాటైంది. నలభై మంది పిల్లల్ని గోల్కొండ తీసుకెళ్ళి, ఒక్కడు తప్పిపోకుండా తెచ్చినదాన్ని. నన్ను నేను తెచ్చుకోలేనా?"

"తెచ్చుకుంటావు. కాదనడం లేదు. కానీ సంచి?"

"సంచి ఏమిటి?"

"వెనక్కొచ్చేసింది కదా. నేను పంపించమన్నా, దైవం పంపించినా, రావడమైతే వచ్చింది. నీ బట్ట నీ గడపలోకి తిరిగొచ్చింది. శాస్త్రం నాది కాదు నాగమణీ, నీదే. ఎల్లుండి విమానమెక్కాక ఏ కుదుపు వచ్చినా నీకు ఇదే గుర్తొస్తుంది. గుండె మీద చెయ్యేసుకుని చెప్పు, వెళ్ళగలవా?"

"ఎంత తెలివండీ మీకు. ఇరవై ఆరేళ్ళు నాతో కాపురం చేసి, నన్ను ఎక్కడ కట్టేయాలో అక్కడే కట్టేశారు."

"నేను నీ మంచికే…"

"వెళ్ళలేను. నిజమే. మా నాన్న ఓసారి ప్రస్థానం తప్పి బయల్దేరి, దారిలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నా కళ్ళతో చూశాను. అది మీకు నేనే చెప్పాను, పెళ్ళైన కొత్తలో. వెళ్ళలేను. అయిపోయింది. చెప్పండి సుధీర్‌కి, వచ్చే మే అని చెప్పండి. వచ్చే మేలో మీకు ఇంకేదో వస్తుంది."

"రాదు. ఈసారి ఒట్టు."

"ఒట్లెందుకులెండి. లోపలికెళ్ళి టిఫిన్ తినండి. షహజాదీ, కూర్చో. టీ పెడతాను. నిలబడి నిలబడి నీ కాళ్ళు పీకుతుంటాయి."

"టీ ఆనక. ఇగ ఇప్పుడన్న సంచి ఇప్పు టీచరమ్మ."

"ఇంకా ఎందుకే? అయిపోయింది కదా."

"అయిపోయింది అంటివి గదా. మరి ఇప్పుతె ఏం పోతది?"

"ఏమీ పోదు. పోవడానికి ఇంకేం మిగిలింది కనక. సరే, ఇదిగో, తీస్తున్నా. నీ ముచ్చట తీరుతుంది."

"తియ్."

"ఇదిగో ఈయన చొక్కా. ఇస్త్రీ కూడా నలగలేదు. తీసుకోండి, సోమవారం తొడుక్కుని కనపడండి వాళ్ళకి. ఇంక నా… షహజాదీ."

"ఆ."

"నా చీర లేదు ఇందులో."

"మంచిగ సూడు."

"చూశాను. అడుగుదాకా చూశాను. చీరా లేదు, నా మ్యాపూ లేదు. ఈ చొక్కా ఒక్కటే ఉంది. నా చీర ఏదే?"

"సారు సంచి పంపు అన్నడు. సారు మాట నేను తీసెయ్యలె, సంచి పంపిన. సారు పోతలేడు గాబట్టి సారు అంగి వాపస్ ఇచ్చిన. నీ చీర, నీ నక్ష మా ఇంట్ల సందుగ పెట్టెల ఉన్నయి. కొంగుకు పైస బిళ్ళ సుత కట్టిన. నువ్వు బుధారం పొద్దుగాలనే పోయినవ్ టీచరమ్మ. ఇంక వాపస్ రాలె."